సీసానికి ఫాస్ఫేట్ వేసే ముందు ఆర్సెనిక్ సంగతి చూడండి

తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి సభ్య కార్యదర్శి గారికి, కలుషిత నేలల శుద్ధికి ప్రణాళికలు రాసే నిపుణులందరికీ,

నమస్కారం.

కొద్ది నెలల కిందట ఒక సమావేశంలో వెనక వరుసలో కూర్చున్నాను. పరిశ్రమల వ్యర్థాలతో పాడైన నేలను ఎలా బాగుచేయాలన్నది ఆనాటి చర్చ. ఒక సలహా సంస్థ నుంచి వచ్చిన నిపుణుడు తెరమీద ఒక పట్టిక చూపించారు. ఎడమవైపు భారలోహాలు అని రాసి, దాని కింద సీసం, కాడ్మియం, జింకు, ఆర్సెనిక్ అని వరసగా పెట్టారు. కుడివైపు అన్నింటికీ కలిపి ఒకటే మందు: ఫాస్ఫేట్, అంటే భాస్వరపు లవణం. అది మట్టిలో కలిపితే ఇవన్నీ ఎక్కడివక్కడ గట్టిపడిపోతాయనీ, వానకు కిందికి దిగవనీ చెప్పారు. నేను చెయ్యెత్తాను. అప్పటికే భోజనాల వేళ దాటిపోయింది, ప్రశ్నలు తరవాత చూద్దామన్నారు. ఆ తరవాత రానేలేదు.

ఆ రోజు అడగలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. ఆ పట్టికలో సీసం గురించి ఆయన చెప్పింది నిజం. కాడ్మియం, జింకుల విషయంలోనూ కొంతవరకు నిజమే. ఆర్సెనిక్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వ్యవహారం తలకిందులు. ఫాస్ఫేట్ ఆర్సెనిక్‌ను మట్టిలో కట్టెయ్యదు. కట్టు విప్పుతుంది. సీసం, ఆర్సెనిక్ రెండూ ఉన్న నేలలో ఆ పట్టికను నమ్ముకుని ఫాస్ఫేట్ వేస్తే సీసం కాగితాల మీద శుభ్రమవుతుంది, ఆర్సెనిక్ బోరు దారి పడుతుంది.

నేను ముప్పై ఏళ్లు భూసార పరీక్షా కేంద్రాల్లో పనిచేసి రిటైరైనదాన్ని. మంజీరా పరీవాహకంలో నా చేతిమీదుగా వెళ్లని మట్టి లేదంటే అతిశయోక్తి కాదు. ఎర్ర చెల్క, దుబ్బ, నల్లరేగడి, చౌడు, అన్నీ గుడ్డ సంచుల్లో వచ్చేవి. ఆరబెట్టి, చెక్క సుత్తితో నలిపి, జల్లెడ పట్టి, భాస్వరం ఎంతుందో చూసి కార్డు రాసేవాళ్లం. ఎక్కువ కార్డుల మీద నేను రాసిన మాట ఒకటే: భాస్వరం తక్కువ, ఎకరాకు ఒక బస్తా డీఏపీ. ఫ్యాక్టరీల నీళ్లు దిగే వాగు పక్క ఊళ్ల నుంచి వచ్చిన సంచుల మీద కూడా అదే రాశాను. ఆ మట్టిలో ఆర్సెనిక్ ఉందో లేదో చూసే పరికరం మా కేంద్రంలో లేదు. చూడాలన్న ఆలోచన మాకూ రాలేదు. ఆ వెలితి నన్ను ఈనాటికీ వదల్లేదు. అందుకే ఈ లేఖ కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవమని కోరుతున్నాను.

ముందు అసలు సంగతి. సీసం మట్టి నీళ్లలో ధనావేశంతో ఉంటుంది. ఫాస్ఫేట్‌ది ఋణావేశం. రెండూ కలిసి, క్లోరైడ్ కూడా తోడైతే, పైరోమార్ఫైట్ అనే ఖనిజం ఏర్పడుతుంది. అది నీళ్లలో దాదాపు కరగదు. పిల్లలు మట్టి చేతులు నోట్లో పెట్టుకున్నా కడుపులోని ఆమ్లానికి కరిగే సీసం బాగా తగ్గుతుంది. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని జాప్లిన్‌లో, సీసం కరిగించిన కొలిమి చుట్టుపక్కల నేలల మీద ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఏళ్ల తరబడి పరీక్షలు చేసి చూశారు. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో ఇళ్ల పెరళ్లలో చేప ముళ్ల పొడి కలిపి సీసాన్ని కట్టడి చేశారు. మంచి పద్ధతే. ఖర్చూ తక్కువే. ఫాస్ఫేట్ మీద నాకు పగేమీ లేదు.

ఆర్సెనిక్ అలా కాదు. గాలి తగిలే మట్టిలో అది ఆర్సెనేట్ రూపంలో, ఋణావేశంతో ఉంటుంది. ఆవర్తన పట్టికలో భాస్వరం కిందనే ఆర్సెనిక్ గడి ఉంది. ఆర్సెనేట్, ఫాస్ఫేట్ రెండూ ఒకే మూసలో పోసినట్టుంటాయి. నాలుగు ఆక్సిజన్లు, అదే ఆకారం, దాదాపు అదే పరిమాణం, ఆమ్ల క్షార గుణాల్లోనూ దగ్గరి పోలిక. మట్టిలో ఆర్సెనేట్‌ను పట్టి ఉంచేది ముఖ్యంగా ఇనుప తుప్పు. మన చెల్కలకు ఆ ఎరుపు ఇచ్చే పదార్థమే. ఆ తుప్పు రేణువుల ఉపరితలం మీద కొన్ని చోట్లు ఉంటాయి, ఆర్సెనేట్ అక్కడ అతుక్కుంటుంది. ఫాస్ఫేట్‌కు కావలసిందీ సరిగ్గా ఆ చోట్లే.

పొదుపు సంఘం మహిళలకు ఒకసారి ఇది చెప్పాల్సి వచ్చి, జాతర రోజు ఆర్టీసీ బస్సును తలచుకోమన్నాను. సీట్లు యాభై. ముందే ఎక్కి కూర్చున్నవాళ్లు ఆర్సెనిక్. కిటికీలోంచి తువ్వాళ్లు వేసి సీటు మాది అంటూ ఎక్కేవాళ్లు ఫాస్ఫేట్. ఇద్దరు ముగ్గురు ఎక్కితే సర్దుకుంటారు. మూడొందల మంది ఒక్కసారి ఎగబడితే కూర్చున్నవాళ్లు లేచి దిగిపోవాల్సిందే. దిగినవాళ్లు ఎక్కడికి పోతారని ఒకావిడ వెంటనే అడిగింది. శుద్ధి ప్రణాళిక రాసే ప్రతివారూ మొదట అడగాల్సిన ప్రశ్న అదే. వాన నీటితో కిందికి పోతారు. మన దగ్గర కింద ఉన్నది గ్రానైటు రాయి. దాని మీద శిథిలమైన మొరం పొర, రాతిలో పగుళ్లు. ఆ పగుళ్లలోంచే మన బోర్లకు నీళ్లు.

ఇది వివాదాస్పదమైన కొత్త సిద్ధాంతం కాదు. మట్టిలో ఆర్సెనిక్ ఎంత గట్టిగా అతుక్కుని ఉందో కొలవాలంటే ప్రయోగశాలలో ఏం చేస్తారో తెలుసా? వెంజెల్ అనే శాస్త్రవేత్త బృందం 2001లో ప్రకటించిన అంచెల పద్ధతిని ప్రపంచమంతా వాడుతోంది. అందులో మొదటి అంచెలో అమ్మోనియం సల్ఫేట్ పోసి ఊరికే అంటుకున్న ఆర్సెనిక్‌ను తీస్తారు. రెండో అంచెలో, తుప్పుకు గట్టిగా అతుక్కున్నదాన్ని ఊడగొట్టడానికి పోసేది అమ్మోనియం ఫాస్ఫేట్ ద్రావణం. ఆర్సెనిక్‌ను ఊడబెరకాలంటే రసాయన శాస్త్రవేత్త చెయ్యి వెళ్లేది ఫాస్ఫేట్ సీసా మీదికే. జపాన్‌లో తోకునాగా, హకుతా అనే పరిశోధకులు ఆర్సెనిక్ కలిపిన మట్టిని 9.4 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లంతో 6 గంటలు కడిగితే 99.9 శాతం ఆర్సెనిక్ బయటికి వచ్చేసింది. 2002లో ఆ ఫలితం అచ్చయింది. అయితే వాళ్లు కడిగింది పాత్రలో. కడిగిన నీళ్లను చుక్క పోకుండా పట్టుకున్నారు. మనం అదే పని బయలు నేలలో, జూన్ నెలలో, కింద పాత్ర లేకుండా చేయబోతున్నామా అన్నదే నా భయం.

పొలంలో అలా జరిగిన దాఖలా కూడా ఉంది. అమెరికా వాయవ్యంలో వాషింగ్టన్ రాష్ట్రం ఆపిల్ తోటలకు పేరు. వాటిని తొలిచే పురుగుకు పోయిన శతాబ్దం తొలి సగమంతా లెడ్ ఆర్సెనేట్ చల్లారు. పేరులోనే ఉంది, సీసమూ ఆర్సెనిక్కూ రెండూ అందులో ఉన్నాయి. 1940ల చివర్లో డీడీటీ వచ్చాక మానేశారు. కానీ చల్లింది చల్లినట్టు పైమట్టిలో మిగిలిపోయింది. ముసలి తోటలు తీసేసి కొత్త మొక్కలు పెట్టేటప్పుడు వేరు పట్టాలని గుంతలో ఫాస్ఫేట్ ఎరువు వేయడం అక్కడి రైతుల అలవాటు. వెనాచీలోని పరిశోధనా కేంద్రంలో పనిచేసిన ఫ్రాన్సిస్ పెర్యేయా ఆ మట్టిని గొట్టాల్లో నింపి, ఫాస్ఫేట్ ఎరువులు వేసి, పైనుంచి నీళ్లు పట్టి చూశారు. 1991లో ఒకటి, 1997లో మరొకటి ఆయన పరిశోధనా పత్రాలు వచ్చాయి. ఫాస్ఫేట్ పడ్డ మట్టిలోంచి ఆర్సెనిక్ విడుదలై, కింద శుభ్రంగా ఉన్న పొరలోకి దిగింది. సీసం కదల్లేదు. ఒకే మట్టి, ఒకే ఎరువు, రెండు విషాలకు రెండు దారులు. లెడ్ ఆర్సెనేట్ నేలలకు ఫాస్ఫేట్ వైద్యం చేయబోయేవాళ్లకు ముప్పై ఏళ్ల కిందటే వచ్చిన హెచ్చరిక అది.

మన దగ్గర ఆపిల్ తోటలు లేవు. కానీ సీసం, ఆర్సెనిక్ పక్కపక్కన ఉన్న నేలలు ఉన్నాయి. హైదరాబాద్ దక్షిణాన కాటేదాన్ పారిశ్రామిక వాడ మట్టిని ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు పరీక్షించారు. సీసం, క్రోమియం, నికెల్, జింకు, ఆర్సెనిక్, కాడ్మియం అన్నీ ఎక్కువగా ఉన్నాయని 2008లో ప్రకటించారు. 2010లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన ప్రాజెక్టులో శుద్ధికి ఎంచుకున్న నూర్ మహమ్మద్ కుంట ఆ వాడలోదే. ఇక పటాన్‌చెరు పారిశ్రామిక కాలుష్యం సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. 1990లో సుప్రీంకోర్టుకు ఎక్కిన కేసు అది. అక్కడే వైద్యం చేస్తూ, రోగుల చర్మం మీదా ఊపిరితిత్తుల్లోనూ కాలుష్యాన్ని చదివి దశాబ్దాలు పోరాడిన డాక్టర్ కిషన్‌రావు గారి పేరు మీకందరికీ తెలుసు. ఆ ప్రాంతపు ఆర్సెనిక్ గురించి తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) పరిశోధకులు 2003లో రాశారు. పశువుల మందు తయారీకి వాడిన ఆర్సెనిక్ సమ్మేళనాల వ్యర్థాలే మూలమని తేల్చి, మట్టి, నీరు, పంట, పాలు ఇలా అది మనిషి దాకా వచ్చే దారులు వెతికారు. ఆ ప్రాంతపు నీళ్లు దిగేది నక్కవాగులోకి. నక్కవాగు కలిసేది మంజీరాలో.

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. మట్టి పనిలో లెక్క వేయకుండా మాట్లాడితే నాకు నిద్ర పట్టదు. ఎకరం నేలలో పైనున్న 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 850 టన్నులు తూగుతుంది. కిలో మట్టిలో 1,000 మిల్లీగ్రాముల సీసం, 100 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉన్నాయనుకుందాం. అంటే ఎకరంలో సీసం 850 కిలోలు, ఆర్సెనిక్ 85 కిలోలు. ఆ సీసమంతా పైరోమార్ఫైట్‌గా మారడానికి సిద్ధాంత రీత్యా కావలసిన భాస్వరం దాదాపు 76 కిలోలు. అంతే వేస్తే సరిపోదు, మట్టిలోని సున్నం, ఇనుము, అల్యూమినియం తమ వాటా తినేస్తాయి కాబట్టి చాలా ఎక్కువ వేస్తారు. జాప్లిన్ లాంటి చోట్ల పరీక్షించిన మోతాదు మట్టి బరువులో 1 శాతం భాస్వరం. ఎకరానికి 8,500 కిలోలన్నమాట. 50 కిలోల డీఏపీ బస్తాలో అసలు భాస్వరం 10 కిలోలే ఉంటుంది. కనక ఎకరానికి 850 బస్తాల డీఏపీలో ఉండేంత భాస్వరం! రైతు వేసేది ఒకటీ రెండూ.

కిలోల్లో కాక రేణువుల్లో లెక్క పెడితే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సీటు కోసం తోసుకునేది బరువులు కాదు, రేణువులు. ఆ 85 కిలోల ఆర్సెనిక్‌లో ఒక్కో రేణువుకు ఎదురుగా సుమారు 240 ఫాస్ఫేట్ రేణువులు వచ్చి నిలబడతాయి. వాటిలో ఎక్కువ భాగం సున్నంతోనో ఇనుముతోనో ముడిపడిపోతుంది, నిజమే. మిగిలిన కొద్దిభాగమైనా ఆర్సెనిక్‌కు ఎదురులేని గుంపే. అలా ఒక్క శాతం ఆర్సెనిక్ ఊడిందనుకోండి, 850 గ్రాములు. తాగునీటిలో ఆర్సెనిక్ లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదు. 850 గ్రాములు 8.5 కోట్ల లీటర్ల నీటిని ఆ హద్దు దాకా తీసుకొస్తాయి. ఎకరం నేల మీద మన ప్రాంతంలో ఏడాదంతా కురిసే వాన ముప్పై రెండు లక్షల లీటర్లు. ఈ అంకెలు ఏ ఊరివీ కావు, ఊహకు తీసుకున్నవి. కానీ ఏ ఊరి అంకెలు పెట్టినా లెక్క నడిచే తీరు ఇదే.

మరి శుద్ధి అయ్యాక చేసే పరీక్షలో ఇది పట్టుబడదా? ఇప్పుడున్న పద్ధతిలో పట్టుబడకపోవడానికే అవకాశం ఎక్కువ. ప్రమాదకర వ్యర్థాల నియమాలు 2016 ప్రకారం వాడే టీసీఎల్‌పీ పరీక్షలో మట్టిని ఎసిటిక్ ఆమ్లపు ద్రావణంలో గిలకొట్టి, ఎంత లోహం దిగిందో చూస్తారు. చెత్త గుట్టలోకి పోయే వ్యర్థానికి తయారుచేసిన పరీక్ష అది. దాని హద్దు సీసానికీ ఆర్సెనిక్‌కూ లీటరుకు 5 మిల్లీగ్రాములు. తాగునీటి హద్దుకు 500 రెట్లు. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ వదిలే మట్టి కూడా ఈ పరీక్షలో నెగ్గేస్తుంది. అది వ్యర్థమా కాదా తేల్చడానికి ఆ హద్దు పనికొస్తుందేమో గానీ, పక్కన బోరు ఉన్న నేల బాగుపడిందా లేదా అని చెప్పడానికి అస్సలు పనికిరాదు. పైగా గుత్తేదారు ఒప్పందం సీసం తగ్గించడానికి. నమూనా తీసేది సీసం కోసం. నివేదికలో ఆర్సెనిక్ గడి ఖాళీగా ఉన్నా బిల్లు పాసవుతుంది.

ఇంకో చిక్కు ఉంది. ఇది నిపుణులు కూడా పొరపడే చోటు. ఫాస్ఫేట్ వేసిన నేలలో పంటను పరీక్షిస్తే ఒక్కోసారి ఆర్సెనిక్ తగ్గినట్టు కనిపిస్తుంది. వేరులో ఆర్సెనేట్ లోపలికి వెళ్లే ద్వారం, ఫాస్ఫేట్ వెళ్లే ద్వారం ఒకటే. ఫాస్ఫేట్ ఎక్కువగా ఉంటే ఆర్సెనేట్‌కు ద్వారం దగ్గర చోటు దొరకదు. పంట చూసి నేల బాగుపడిందని సంబరపడతాం. మొక్క తీసుకోని ఆర్సెనిక్ మట్టి నీళ్లలోనే ఉంది, కిందికి దిగుతోంది. 2001లో ఫ్లోరిడాలో లీనా మా అనే శాస్త్రవేత్త బృందం కనిపెట్టిన, ఆర్సెనిక్‌ను ఆకుల్లో పోగేసుకునే ఫెర్న్ మొక్కకూ ఇదే ద్వారం. ఆ ఫెర్న్‌తో నేల శుద్ధి చేద్దామనేవాళ్లు మట్టిలోంచి ఆర్సెనిక్ ఊడటానికి కాస్త ఫాస్ఫేట్ వేయమంటారు. అక్కడ కూడా మోతాదు తప్పితే మొక్కకు అందాల్సింది నీళ్లకు పోతుంది. కాబట్టి పంట ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దు. పంట, మట్టి నీరు, బోరు మూడూ చూడాలి.

మట్టి మట్టికీ తేడా ఉందని మళ్లీ చెప్పాలా? పటాన్‌చెరు చుట్టూ ఎర్ర చెల్కా ఉంది, నల్లరేగడీ ఉంది. ఒకే ఊళ్లో గట్టుకు ఇవతల ఒకటి, అవతల ఒకటి. చెల్కలో ఇనుప తుప్పు ఎక్కువ, ఆర్సెనిక్ దానికి గట్టిగా పట్టుకుని ఉంటుంది, ఫాస్ఫేట్ పోటీ అంతా అక్కడే. సున్నం ఉన్న రేగడిలో ఫాస్ఫేట్ చాలావరకు సున్నంతో కలిసి గడ్డకట్టి పోటీ నుంచి తప్పుకుంటుంది. కానీ ఆ నేల క్షారగుణం వల్ల ఆర్సెనేట్ మీద పట్టు మొదటినుంచీ వదులే. ఏ ఫాస్ఫేట్ అన్నదీ ముఖ్యమే. డీఏపీ గుళిక కరిగినచోట మట్టి క్షారంగా మారుతుంది, అది ఆర్సెనిక్‌కు రెండో తోపుడు. ఫాస్ఫారిక్ ఆమ్లం తుప్పునే కాస్త కరిగిస్తుంది. ముళ్ల పొడి, రాక్ ఫాస్ఫేట్ నెమ్మదిగా కరుగుతాయి, పోటీకి కొంచెం కొంచెంగా దిగుతాయి. పట్టికలో ఫాస్ఫేట్ అని ఒక్క మాట రాసి వదిలేస్తే ఇవన్నీ మాయమైపోతాయి.

పటాన్‌చెరులోనే జరిగిన ఒక పరిశోధన నాకు ఎప్పుడూ గుర్తుకొస్తుంది. అక్కడి మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసిన నొరిహారు ఆయే అనే జపాన్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1990లో కంది వేరు గురించి ఒక అపురూపమైన సంగతి బయటపెట్టారు. కంది వేరు పిసిడిక్ ఆమ్లం అనే పదార్థాన్ని వదిలి, ఇనుమును తన వైపు లాక్కుని, దానికి అతుక్కున్న ఫాస్ఫేట్‌ను విడిపించుకుంటుందట. మన ఎర్ర నేలల్లో ఎరువు లేకపోయినా కంది ఎందుకు నిలదొక్కుకుంటుందో మా తాతకు తెలియకుండానే తెలుసు, ఆ శాస్త్రం మాత్రం అప్పుడు తెలిసింది. అదే ఇనుముకు ఆర్సెనిక్ అతుక్కుని ఉన్న నేలలో కంది వేస్తే ఏమవుతుంది? శుద్ధి చేశాక ఆ నేలలో ఏ పంట వేయొచ్చో చెప్పేముందు ఎవరైనా కుండీల్లో వేసి చూడాలి. ఇక్రిశాట్ ఆ ఊళ్లోనే ఉంది కదా.

ఇక నీళ్లు నిలిచే చోటు. కుంట కింద వరి మడిలో రోజుల తరబడి నీళ్లు నిలిస్తే మట్టిలో ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు సూక్ష్మజీవులు ఇనుప తుప్పునే కరిగించేస్తాయి. సీట్ల కోసం పోటీ కాదు, బస్సే విడిపోతుంది. ఆర్సెనేట్ ఆర్సెనైట్ అనే ఇంకో రూపంలోకి మారి, వరి వేరులో సిలికా వెళ్లే దారిన లోపలికి పోతుంది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆర్సెనిక్‌కు నేను సూచించబోయే మందు కూడా ఇనుమే. అది కూడా అన్ని చోట్లా పనిచేయదు.

సీసం, ఆర్సెనిక్ కలిసి ఉన్న మెట్ట నేలలో ముందు ఆర్సెనిక్‌కు కొత్త సీట్లు కల్పించాలి. ఫెర్రస్ సల్ఫేట్, దానితో పాటు అది పుట్టించే ఆమ్లాన్ని అణచడానికి సున్నం. ఇనుప రజను కూడా వాడతారు. అది తుప్పుపట్టి స్థిరపడి, నీళ్లలో ఆర్సెనిక్ తగ్గిందని కొలిచి చూసుకున్నాకే సీసం కోసం ఫాస్ఫేట్ సంగతి ఆలోచించాలి. అదీ కొద్దికొద్దిగా, నెమ్మదిగా కరిగే రూపంలో. వరసను తిరగేయొద్దు. కుంట గర్భంలో, మత్తడి కింద, ఏటా నీళ్లు నిలిచే మడుల్లో ఏ మందూ కలపొద్దన్నది నా గట్టి అభిప్రాయం. అక్కడి విషపు మట్టిని తవ్వి ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే దుండిగల్‌లాంటి పకడ్బందీ స్థలానికి తరలించడమే మేలు. ఖర్చు ఎక్కువని తెలుసు. బోరు పాడయ్యాక ఊరంతటికీ ఏళ్ల తరబడి ట్యాంకర్లతో నీళ్లు తోలే ఖర్చు కూడా లెక్కలో పెట్టి అప్పుడు పోల్చండి.

కేంద్రం 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాలను గుర్తించడం, పరీక్షించడం, శుద్ధి ప్రణాళిక వేయడం, ఖర్చు ఎవరు భరించాలో తేల్చడం, వీటికి ఇన్నాళ్లకు ఒక దారి ఏర్పడింది. మన రాష్ట్రంలో ఆ దారిన మొదటి ప్రణాళికలు ఎలా రాస్తే తరవాతివన్నీ వాటిని చూసే రాస్తారు. ఒకసారి పట్టిక తప్పు పడితే ఇరవై చోట్ల అదే అచ్చు పడుతుంది. నా తొందర అందుకు.

మండలిని నేను కోరేది ఇది. ఏ ప్రణాళికలోనైనా ఫాస్ఫేట్ అన్న మాట కనిపిస్తే, ఆ నేలలో ఆర్సెనిక్ ఎంతుందో, ఎంత లోతు వరకు ఉందో, అందులో ఫాస్ఫేట్ ద్రావణానికి ఊడే భాగమెంతో చూపకుండా ఆమోదం ఇవ్వకండి. ఆ స్థలం మట్టినే గొట్టాల్లో నింపి, ప్రతిపాదించిన మోతాదు వేసి, ఒక వానాకాలం కురిసేంత నీళ్లు పట్టి, కిందికి దిగిన నీటిలో సీసంతో పాటు ఆర్సెనిక్‌నూ కొలిపించండి. పోల్చేది తాగునీటి హద్దుతో. మా కాలంలో భూసార కేంద్రంలో కూడా చేయగలిగినంత సులువైన పరీక్ష అది, కొలిచే పరికరం ఒక్కటి ఉంటే చాలు. పని అయ్యాక వానలకు ముందూ వెనకా చుట్టూ ఉన్న బోర్ల నీళ్లు కనీసం మూడేళ్లు పరీక్షించి, ఫలితాలు పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించండి. ఒప్పందంలో ఆర్సెనిక్ పెరిగితే గుత్తేదారుదే బాధ్యత అన్న వాక్యం ఒకటి చేర్చండి.

వ్యవసాయ శాఖతోనూ ఒక్క మాట మాట్లాడండి. 2015లో వచ్చిన భూసార ఆరోగ్య కార్డులో 12 అంశాలు ఉంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్ నుంచి బోరాన్ దాకా. ఆర్సెనిక్ లేదు. దేశమంతా చూడాల్సిన పనీ లేదు. మామూలు పొలాల్లో ఆర్సెనిక్ సహజంగా ఉండే కొద్దిపాటి మోతాదే ఉంటుంది, అక్కడ ఒకటి రెండు బస్తాల డీఏపీతో ఏ ప్రమాదమూ లేదు. ఈ లేఖ చదివి ఏ రైతూ ఎరువు మానక్కర్లేదు. కానీ మీ జాబితాలో కలుషితమని గుర్తించిన సర్వే నంబర్లు, వాటి దిగువ పొలాలు వ్యవసాయ శాఖకు తెలియాలి. ఆ కార్డుల మీద భాస్వరం సిఫారసు రాసే ముందు ఎవరో ఒకరు ఆగి చూడాలి. ఇప్పుడు ఒక శాఖ ఆ నేలను విషం అంటోంది, ఇంకో శాఖ అదే నేలకు ఎరువు రాస్తోంది. ఇద్దరూ ఒకరి కాగితం ఒకరు చూసుకోవడం లేదు.

నేను ఉద్యోగంలో ఉన్న చివరి ఏళ్లలో వాగు పక్క ఊరి రైతు ఒకాయన కార్డు పట్టుకుని వచ్చాడు. "మేడం, కార్డుల డీఏపీ రాసిచ్చిన్రు, ఏసినం. ఇప్పుడొచ్చి బోరు నీళ్లు తాగొద్దంటున్రు. పొలానికి మంచిదైంది నీళ్లకెట్ల చెడ్డదైంది? గిదేం లెక్క?" అన్నాడు. బోరు పాడైంది ఫ్యాక్టరీ వ్యర్థాల వల్ల, ఆయన వేసిన బస్తా వల్ల కాదని చెప్పి పంపాను. ఆ మాట నిజమే. అయినా ఆయన అడిగిన దాంట్లో ఇంకో ప్రశ్న ఉందని నాకు ఇంటికి వెళ్లాక గాని తట్టలేదు. పొలానికి మంచిదైంది నీళ్లకు ఎలా చెడ్డదవుతుందో నేను ఆయనకు చెప్పి ఉండాల్సింది. మళ్లీ కనపడలేదు.

ఆ ఊరి కుంట గట్టు మట్టి, దిగువ రెండు పొలాల మట్టి, అడుగు అడుగు లోతుకు వేరు చేసి, ఆరబెట్టి, జల్లెడ పట్టి మా ఇంట్లో పన్నెండు సంచుల్లో భద్రంగా పెట్టాను. తేదీ, లోతు, రైతు చెప్పిన ఎరువుల వివరం అన్నీ సంచుల మీద రాసి ఉన్నాయి. గొట్టాల పరీక్షకు సరిపోతాయి. మీ ప్రయోగశాలకు ఎప్పుడు తెమ్మంటే అప్పుడు తెస్తాను. పరీక్ష జరిగినన్నాళ్లూ వచ్చి నీళ్లు పట్టమన్నా పడతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ భూసార పరీక్షా అధికారిణి
సంగారెడ్డి జిల్లా